విరిచి చూడండి సార్

"విరిచి చూడండి సార్" అంటూ చేతిలో పెట్టాడు ప్రెస్ ఆపరేటర్. చూడ్డానికి అచ్చం గేరే, పళ్ళతో సహా. బొటనవేలితో కాస్త నొక్కగానే ఉస్మానియా బిస్కెట్‌లా రెండు ముక్కలైంది. వేళ్ళ నిండా ఇనుప పొడి.

హైదరాబాద్ చర్లపల్లిలో ఒక షెడ్డు. ఇనుప పొడిని అచ్చులో పోసి ప్రెస్‌తో నొక్కి, తర్వాత వేడిచేసి గేర్లు చేస్తారిక్కడ. దీన్నే పౌడర్ మెటలర్జీ అంటారు. పక్కనే ఫర్నేస్. బెల్టు మీద అవే గేర్లు మెల్లగా లోపలికి పోతున్నాయి. లోపల 1120 డిగ్రీలు. ఇనుము కరగాలంటే 1538 కావాలి. అంటే కరక్కుండానే రేణువులు తాకిన చోటల్లా పరమాణువులు కదిలి అతుక్కుంటాయన్నమాట. సింటరింగ్ అంటే ఇదే. అవతల బయటికొచ్చినదాన్నీ విరవమన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

నాకు తెగ నచ్చింది మాత్రం కంచు బుష్, అంటే షాఫ్ట్ తిరగడానికి ఆసరాగా ఉండే చిన్న గొట్టం. దాంట్లో దాదాపు ఐదో వంతు కావాలనే ఖాళీగా వదిలేస్తారు, ఆ సన్నటి రంధ్రాలకి నూనె పట్టిస్తారు. షాఫ్ట్ తిరిగి వేడెక్కితే నూనె బయటికొస్తుంది, చల్లారితే మళ్ళీ లోపలికి పోతుంది. టేబుల్ ఫ్యాన్లలో ఉండేవి ఇలాంటివే.

ఇంటికొచ్చి కొత్త పరిశోధనలు చదువుతూ కూర్చున్నా. 2020లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు గంటలు పట్టే సిరామిక్ సింటరింగ్‌ని 10 సెకన్లలో చేసి చూపించారట! పొడిని పొరలుపొరలుగా జిగురుతో అతికించే 3డి ప్రింటింగ్ ఒకటుంది, బైండర్ జెట్ ప్రింటింగ్ అని. దానికైతే డై (అచ్చు) కూడా అక్కర్లేదు. కాకపోతే ఫర్నేస్‌లో పెట్టాక కొలతలు 15-20 శాతం తగ్గిపోతాయి. ఎటు ఎంత వంగుతుందో ముందే లెక్కకట్టడమే అసలు తలనొప్పి.

పేరులోనే పౌడర్ మెటలర్జీ ఉన్న పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ మన బాలాపూర్‌లోనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు నా లిస్టులో ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, అడగాల్సినవి బోలెడున్నాయి.