సే, టెల్ గొడవ మన తెలుగులోనే తేలిపోతుంది

స్కూల్లో ఇంగ్లీషు పాఠంలో సే అంటే చెప్పు, టెల్ అన్నా చెప్పు అని రెండిటికీ ఒకటే అర్థం రాయించేశారు, గొడవంతా అక్కడే మొదలు. ఆఫీసుల్లో 'హీ సెడ్ మీ', 'షీ టోల్డ్ దట్ మీటింగ్ క్యాన్సిల్' లాంటి తప్పులు బాగా చదువుకున్నవాళ్ళ నోట కూడా వింటూనే ఉంటాం. రూల్ చిన్నదే, టెల్ పక్కనే వినేవాళ్ళు ఉండాలి, టెల్ మీ, టోల్డ్ హర్ అలాగ, సే కి ఆ అవసరం లేదు, మనిషిని తేవాలంటే మధ్యలో టు పెట్టుకోవాలి. అసలు టెన్త్ లో డైరెక్ట్ ఇండైరెక్ట్ స్పీచ్ చేసేప్పుడు 'సెడ్ టు' ని 'టోల్డ్' చెయ్యమని బట్టీ పట్టించింది కూడా ఇదే, కాకపోతే ఎందుకో ఎవరూ చెప్పలేదు.

నాకైతే తెలుగులోంచి చూస్తేనే ఈజీ అనిపిస్తుంది. మనకీ రెండున్నాయి కదా, అను, చెప్పు. 'వాడేమన్నాడు' అంటే వాడి నోట్లోంచి వచ్చిన మాట కావాలి, అది సే. 'వాడు నీకేం చెప్పాడు' అంటే నీదాకా వచ్చిన విషయం కావాలి, అది టెల్. కథ చెప్తాం, నిజం చెప్తాం, అబద్ధం చెప్తాం, 'అబద్ధం అన్నాడు' అని ఎవరైనా అంటారా? ఇంగ్లీషులోనూ అంతే, టెల్ ఎ లై, టెల్ ద ట్రూత్, టెల్ ఎ స్టోరీ, ఇక్కడ పక్కన మనిషి లేకపోయినా టెల్లే.

అన్నిచోట్లా కుదరదు లెండి. సారీ చెప్పు, థాంక్స్ చెప్పు, అత్తకి హాయ్ చెప్పు అంటాం, ఇంగ్లీషులో అవన్నీ సే నే. ఇటుపక్క 'రమ్మన్నాడు' లో మనం అను వాడతాం, వాళ్ళకి మాత్రం 'హీ టోల్డ్ మీ టు కమ్', ఎందుకంటే పని పురమాయిస్తే టెల్ కావాలి. 'వస్తానన్నాడు' అయితే మళ్ళీ మామూలుగా 'హీ సెడ్ హీ వుడ్ కమ్'.

ఇంకోటి, బ్యాంకులో టెల్లర్ అంటాం చూడండి, ఏటీఎం లో టీ కూడా అదే, ఆయన మనకి చెప్పేదేముంది, నోట్లు లెక్కపెట్టడం తప్ప? పాత ఇంగ్లీషులో టెల్ కి లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది, అదే అక్కడ మిగిలిపోయింది. జర్మన్ భాషలోనూ ఈ రెండర్థాలూ దగ్గర దగ్గరే, జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్ళని అడగండి, ట్సేలెన్ అంటే లెక్కపెట్టడం, ఎర్‌ట్సేలెన్ అంటే కథ చెప్పడం.

వీటన్నిటికన్నా నాకు ఇబ్బందిగా అనిపించేది ఫోన్లో 'టెల్ మీ'. మనం ఫోనెత్తగానే 'ఆ, చెప్పండి' అంటాం, ఎంత మర్యాదైన మాటో, దాన్నే ఇంగ్లీషులోకి దించి అమెరికా క్లయింట్ తో 'యా, టెల్ మీ' అంటే అవతలాయనకి ఊ త్వరగా కానియ్ అని కసిరినట్టు వినపడొచ్చు. అక్కడ 'హాయ్, గో అహెడ్' అనో, 'వాట్ కెన్ ఐ డూ ఫర్ యూ' అనో అంటే సరిపోతుంది.