పట్టిక పక్కన పెట్టాకే పర్యావరణ ఒప్పందాలు అర్థమయ్యాయి

పోటీ పరీక్షకి రెండో అటెంప్ట్ నాటికి నా పర్యావరణం నోట్స్‌లో అంతర్జాతీయ ఒప్పందాల పట్టిక ఒకటి ఉండేది. ఒప్పందం పేరు, సంవత్సరం, పక్కన రెండు ముక్కల్లో విషయం. వియన్నా 1985, మాంట్రియల్ 1987, బాసెల్ 1989, రోటర్‌డామ్ 1998, స్టాక్‌హోమ్ 2001, మినమాటా 2013. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేంత కంఠతా వచ్చు. మెయిన్స్ టెస్ట్ సిరీస్‌లో "కాలుష్య నియంత్రణకు దేశీయ చట్టాలు మాత్రమే సరిపోతాయా?" అని అడిగితే ఆ పట్టికనే వాక్యాలుగా మార్చి రెండున్నర పేజీలు నింపాను. దిద్దినవారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క మాట రాశారు: "ఎందుకు?" 15 మార్కులకి నాలుగున్నర వచ్చాయి.

ఆ ఒక్క మాట నా చదువునే మార్చింది. ఈ టాపిక్‌తో కుస్తీ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ట్రెయిల్ స్మెల్టర్ కేసు దగ్గర కూర్చోండి. కనీసం ఒక సాయంత్రం దానికే ఇవ్వండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ట్రెయిల్ అనే ఊళ్లో సీసం, జింకు కరిగించే కర్మాగారం ఉంది. దాని పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ కొలంబియా నది లోయ వెంట దిగి, సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పంటల్నీ చెట్లనీ దెబ్బతీసింది. నష్టపోయిన రైతు ఎక్కడికి వెళ్లాలి? అతని ప్రభుత్వం చేసిన చట్టం పక్క దేశంలోని చిమ్నీని ముట్టుకోలేదు. చిమ్నీ ఉన్న దేశానికి ఆ రైతు పౌరుడు కాడు. చివరికి రెండు దేశాలూ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కి ఒప్పుకున్నాయి. 1938లో, 1941లో తీర్పులు వచ్చాయి.

"ఏ దేశమూ తన నేలని పక్క దేశానికి హాని కలిగేలా వాడుకోకూడదు" అన్న సూత్రాన్ని అందరూ రాస్తారు. మీరూ రాయండి. కానీ 1941 తీర్పులో అంతకంటే విలువైన భాగం ఒకటుంది. పొగని కొలిచే రికార్డర్లు ఉండాలనీ, గాలి తీరుని బట్టి, పంటకాలమా కాదా అన్నదాన్ని బట్టి ఎంత వదలవచ్చో లెక్క కట్టాలనీ ట్రిబ్యునల్ ఒక నియంత్రణ పద్ధతినే నిర్దేశించింది. నష్టపరిహారంతో సరిపెట్టకుండా రేపటి పొగకి కూడా కొలత పెట్టింది. సూత్రం, కొలత ఒకే తీర్పులో ఉన్నాయి. అది చదివిన రోజు నుంచి ప్రతి ఒప్పందంలోనూ నేను వెతికింది ఆ రెండో భాగాన్నే.

1972 స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు (2001 ఒప్పందం వేరు) ప్రకటనలో 21వ సూత్రం, 1992 రియో సదస్సు ప్రకటనలో 2వ సూత్రం ఈ తీర్పుకి వారసులే. ఒక్క వాక్యంలో కలిపి రాసి ముందుకు వెళ్లిపోండి. అక్కడ ఎక్కువసేపు ఆగితే జవాబు చరిత్ర పాఠం అయిపోతుంది.

ఎక్కువసేపు ఆగాల్సింది ఓజోన్ పొరని దెబ్బతీసే రసాయనాల్ని అదుపు చేసే మాంట్రియల్ ప్రోటోకాల్ దగ్గర. "అత్యంత విజయవంతమైన ఒప్పందం" అని అందరం రాస్తాం. ఎలా విజయవంతమైందో రాసేవాళ్లు తక్కువ. నేను ఒప్పందం మూలపాఠమే తెరిచి చదివాను. అంత పొడవు కూడా కాదు. రెండో ఆర్టికల్ ప్రకారం, శాస్త్రజ్ఞానం పెరిగేకొద్దీ నియంత్రణ గడువుల్ని బిగించుకోవచ్చు. ఏకాభిప్రాయం కుదరకపోతే చివరి మార్గంగా మూడింట రెండొంతుల మెజారిటీతో, సంపన్న దేశాల్లోనూ వర్ధమాన దేశాల్లోనూ మెజారిటీ ఉండేలా ఓటు వేయవచ్చు. అలా బిగించిన గడువుకి ప్రతి దేశమూ మళ్లీ విడిగా ఆమోదం తెలపనక్కర్లేదు. నాలుగో ఆర్టికల్ ఒప్పందంలో లేని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారాన్ని ఆపేస్తుంది కాబట్టి బయట ఉండిపోతే లాభం లేదు. ఐదో ఆర్టికల్ వర్ధమాన దేశాలకి పదేళ్ల వెసులుబాటు ఇస్తుంది. ఏడోది ఏటా లెక్కలు అప్పజెప్పమంటుంది. 1990లో లండన్ సమావేశంలో వర్ధమాన దేశాలకి సాయపడే నిధి కూడా ఏర్పాటైంది.

1987లో రాసుకున్నది సీఎఫ్‌సీలని (ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన, ఓజోన్‌ని దెబ్బతీసే వాయువుల్ని) సగానికి తగ్గించాలనే. పూర్తిగా ఆపేయాలన్న నిర్ణయం ఆ తర్వాత లండన్‌లో, 1992లో కోపెన్‌హాగన్‌లో వచ్చింది. 2016లో కిగాలీ సవరణతో, సీఎఫ్‌సీల బదులు వాడుకలోకి వచ్చి భూమిని వేడెక్కిస్తున్న హెచ్‌ఎఫ్‌సీలు కూడా చేరాయి. బిగించుకునే వీలు మొదట్లోనే పెట్టుకున్నారు కాబట్టే మొదటి అడుగు చిన్నదైనా నష్టం జరగలేదు. నన్నడిగితే ఈ టాపిక్ మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదు.

దీనికి జతగా సీఎఫ్‌సీ-11 ఉదంతం తప్పకుండా పెట్టుకోండి. 2010 నాటికే ప్రపంచమంతటా ఆగిపోవాల్సిన ఈ వాయువు గాలిలో తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని 2018లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కొరియా, జపాన్ కొలత కేంద్రాల లెక్కల ఆధారంగా, పెరిగిన ఉద్గారాల్లో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తోందని 2019లో తేలింది. ఫోమ్ తయారీలో దొంగచాటుగా వాడుతున్నట్టు ఆధారాలు వచ్చాయి. చైనా తనిఖీలు ముమ్మరం చేసింది. ఉద్గారాలు మళ్లీ తగ్గినట్టు 2021లో వచ్చిన అధ్యయనాలు చూపించాయి. ఒక దేశపు గాలిని పక్క దేశాల పరికరాలు కొలిస్తే, ఆ లెక్కని చూసి మొదటి దేశం తన చట్టాన్ని అమలు చేసింది. "అంతర్జాతీయ సహకారం దేశీయ చట్టాన్ని ఎలా బలపరుస్తుంది?" అన్న ప్రశ్నకి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రమాదకర వ్యర్థాలు సరిహద్దులు దాటడాన్ని అదుపు చేసే బాసెల్ ఒప్పందం నాకు అర్థమైంది ఖియాన్ సీ అనే ఓడ వల్ల. 1986లో ఫిలడెల్ఫియా నుంచి చెత్త కాల్చిన బూడిద నింపుకుని బయలుదేరింది. ఏ రేవూ దించుకోనివ్వలేదు. హైతీలో ఎరువు అని చెప్పి దాదాపు 4,000 టన్నులు తీరాన పోసి వెళ్లిపోయింది. మిగిలింది పేర్లు మార్చుకుంటూ తిరిగి సముద్రంలో పారబోసింది. హైతీ తీరంలోని బూడిద వెనక్కి వెళ్లేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఈ కథ తెలిశాక బాసెల్ ఆరో ఆర్టికల్‌లో ప్రతి మాటా ఎందుకుందో తెలుస్తుంది. పంపే దేశం ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. తీసుకునే దేశం రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా సరుకు కదలకూడదు. సరుకు వెంట ఒక పత్రం నడవాలి, బాధ్యత చేతులు మారిన ప్రతిచోటా దానిమీద సంతకం పడాలి. పేరు మారిస్తే తప్పించుకోగలిగిన ఓడని ఒక కాగితంతో కట్టేశారు.

అయినా కంతలు మిగిలాయి. వాడేసిన ఎలక్ట్రానిక్ సరుకుని "సెకండ్ హ్యాండ్" అని రాసి పంపడం వాటిలో ఒకటి. అందుకే 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరం అయినా కాకపోయినా ఈ-వ్యర్థాలన్నింటికీ ముందస్తు సమ్మతి తప్పనిసరి చేశారు. ప్లాస్టిక్ వ్యర్థాల సవరణ 2021 నుంచే అమల్లో ఉంది. అమెరికా ఇప్పటికీ బాసెల్‌ని ఆమోదించలేదన్న సంగతి కూడా రాయండి. ఒప్పందాల బలహీనతలు రాస్తే మార్కులు పోతాయన్న భయం అక్కర్లేదు, నాకైతే పెరిగాయి.

రోటర్‌డామ్ (ప్రమాదకర రసాయనాల, పురుగుమందుల వ్యాపారానికి ముందస్తు సమ్మతి), స్టాక్‌హోమ్ (ఏళ్ల తరబడి కరగని విష రసాయనాలు) ఒప్పందాలకి ఒక్కో పేరా చాలు. మినమాటా రాసేటప్పుడు మాత్రం పాదరసం అన్న మాట దగ్గరే ఆగకండి. జపాన్‌లోని మినమాటా ఊళ్లో, పాదరసం చేరిన చేపలు తినడం వల్ల వచ్చిన మినమాటా వ్యాధిని అధికారికంగా గుర్తించింది 1956లో. ఫ్యాక్టరీ వ్యర్థాలే కారణమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ పన్నెండేళ్లూ జనం ఆ సముద్రపు చేపలే తిన్నారు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఒప్పందానికి ఆ ఊరి పేరే ఎందుకు పెట్టారో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక అమలు. 1972 నుంచి పర్యావరణ చట్టాలు 38 రెట్లు పెరిగాయనీ, అమలు మాత్రం బాగా వెనకబడిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2019 నివేదికలో చెప్పింది. చట్టాలు రాసుకోవడంలో, అమలు సామర్థ్యం పెంచుకోవడంలో దేశాలకి తోడ్పడే మాంటెవీడియో కార్యక్రమం 1982 నుంచీ నడుస్తోంది. చాలామంది నోట్స్‌లో దీని పేరే ఉండదు, చేర్చుకోండి. 1998 ఆర్హస్, 2018 ఎస్కాజు ఒప్పందాలు కూడా ఇక్కడే రావాలి. అవి ఇచ్చే మూడు హక్కులు, అంటే సమాచారం అడిగే హక్కు, నిర్ణయాల్లో పాల్గొనే హక్కు, కోర్టుకెళ్లే హక్కు పౌరుడి చేతిలో ఉంటే ప్రభుత్వం నిద్రపోయినా చట్టం మేలుకుని ఉంటుంది.

మూడో అటెంప్ట్‌కి పట్టిక తీసేసి, ఒప్పందానికి ఒక కాగితం చొప్పున రాసుకున్నాను. హాని ఎక్కడ పుట్టి ఎక్కడ తగిలింది, ఎవరు కొలుస్తారు, డబ్బు ఎవరిది, మాట తప్పితే ఏమవుతుంది. సంవత్సరాలు కాగితం మూలన చిన్నగా. రివిజన్ రెండు గంటల్లో అయిపోయేది. ఆ ఏడు ఈ భాగంలో వచ్చిన ప్రశ్న నేనెప్పుడూ ప్రాక్టీస్ చేయనిదే అయినా, ఆ నాలుగు విషయాల మీదే జవాబు నిలబెట్టగలిగాను.

ఇప్పుడు చదువుతున్నవాళ్లు ప్లాస్టిక్ ఒప్పందం చర్చల్ని ఇదే కాగితం మీద పెట్టి చూడండి. ప్లాస్టిక్ కాలుష్యంపై ఒప్పందం కుదుర్చుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో తీర్మానం చేశారు. 2024 చివర్లో బుసాన్‌లో తేలలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలలేదు. ఉత్పత్తికి పరిమితి పెట్టాలా, వ్యర్థాల నిర్వహణ చాలా అన్నది ఒక పేచీ. ఓటు వేయవచ్చా, అందరూ ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలా అన్నది ఇంకొకటి. మాంట్రియల్ రెండో ఆర్టికల్‌ని ఎదురుగా పెట్టుకుని, ఈ రెండో పేచీ మీద 250 మాటల్లో ఒక జవాబు రాసి చూడండి.