రీడ్స్ గ్యాప్‌లో బాట, బాట కింద తూము

వర్జీనియాలో మేముండే షార్ట్ పంప్ నుంచి యోగావిల్ ఆశ్రమానికి రూట్ 60 పట్టుకుంటే తిన్నగా వెళ్ళిపోవచ్చు. ఈ మాట మా ఆవిడ బయల్దేరేముందు రెండుసార్లు చెప్పింది. అయినా నేను 64 హైవే ఎక్కి పడమరగా పోనిచ్చాను. ముందు కొండలు చూసి, తర్వాత ఆశ్రమం చూసుకుని, 60 మీద ఇంటికి రావాలని ప్లాన్. నాన్న వచ్చి ఐదు వారాలైంది. అప్పటికి ఆయన చూసిన అమెరికా అంటే కాస్ట్‌కో మూడుసార్లు, గుడి నాలుగుసార్లు, వాషింగ్టన్ ఒకసారి. కొండలంటే ఆయనకి పెద్ద మోజేం లేదు. కోనసీమ మనిషి. నేల చదునుగా ఉండి, పక్కన కాలవ పారుతుంటే చాలు.

క్రోజే దగ్గర దిగి, 250 మీదుగా 151 లోకి వచ్చేదాకా బాగానే ఉంది. 664 లోకి తిరిగాక ఘాట్ మొదలైంది. ఫోన్లో సిగ్నల్ పోయింది. నాన్న చెవులు మూసుకుపోయాయన్నారు, తర్వాత కళ్ళు తిరుగుతున్నాయన్నారు, తర్వాత ఏమీ అనలేదు. అది ఇంకా ప్రమాదం. కొండ మీద బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే రోడ్డు తగిలేచోటు రీడ్స్ గ్యాప్. కంకర పరిచిన చిన్న పార్కింగ్ కనబడగానే బండి ఆపేశాను. షెనాండోవా పార్కుకి వెళ్ళుంటే గేటు దగ్గరే 30 డాలర్లు వదిలేవి. ఇక్కడ టికెట్ లేదు, గేటూ లేదు. ఆ సంతోషంతో నాన్నకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

పది నిమిషాల తర్వాత చూస్తే సీట్లో మనిషి లేడు. పార్కింగ్ దాటి నాలుగు అడుగులు చెట్లలోకి వెళ్ళి, ఒక తెల్లాయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో రెండంగుళాల బ్రష్షు, కింద చిన్న డబ్బాలో తెల్ల పెయింటు. ఓక్ చెట్టు బెరడు మీద గరుకునంతా ఇనప రేకుతో మెల్లగా గీకి, అట్టముక్కలో కత్తిరించిన కంత ఆనించి, కారకుండా రంగు పూస్తున్నాడు. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. కొలిచినట్టు ఉంది, నిజంగానే కొలిచి చేసిందట.

"ఎందుకు కొట్టేస్తున్నారో అడుగు" అన్నారు నాన్న నాతో.

"ఏం కొట్టేస్తున్నారు?"

"చెట్టు. నంబరేస్తున్నాడుగా."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. మా ఊళ్ళో కొబ్బరిచెట్టుకి ఎవరైనా పెయింటు పెట్టారంటే అర్థం ఒకటే. నా చిన్నప్పుడు మా చేలోంచి గ్యాస్ పైపు వెళ్ళింది. సర్వేవాళ్ళు వచ్చి పంతొమ్మిది చెట్లకి ఎర్ర నంబర్లు వేశారు. పదిహేనో నంబరు చెట్టుకి మా నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది, నంబరు కనబడకుండా పోతుందేమోనని. కనబడింది.

పెద్దాయనకి విషయం చెప్తే ఆయనా నవ్వాడు. ఇది కొట్టడానికి కాదు, దారి తప్పకుండా పెట్టే గుర్తు. జార్జియాలో మొదలై మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్ళు పోయే అపలాచియన్ ట్రైల్ ఇదే. ఆ పొడుగునా ఈ తెల్ల గుర్తులే. వేసేది చాలావరకు ఈయనలాంటి వాలంటీర్లు. జీతం లేదు, బ్రష్షు కూడా ఇంటినుంచే తెచ్చుకున్నాడు.

నాన్నకి ఇవేవీ అక్కర్లేదు. "భూమి ఎవరి పేరున ఉంది?" అన్నారు. కొత్త ఊళ్ళో ఆయన మొదట అడిగేది ఎప్పుడూ ఇదే. అడంగల్లో పేరు తెలిస్తేగానీ మనసు కుదుటపడదు.

పెద్దాయన బ్రష్షు డబ్బా అంచుకి ఆనించి, కాసేపు ఆలోచించి, "చెట్టు ఫారెస్ట్ సర్వీసుది. బాట చూసుకునేది పార్క్ సర్వీసు. పెయింటు మాత్రం నాది" అన్నాడు. తర్వాత, "ఈ ఒక్క ప్రశ్న మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళాం" అని కొండ కిందకి చెయ్యి చూపించాడు.

ఆ కేసు గురించి అప్పట్లో పేపర్లో చదివాను గానీ, అది ఈ చుట్టుపక్కలే అని గుర్తులేదు. అట్లాంటిక్ కోస్ట్ పైపులైన్. వెస్ట్ వర్జీనియా గ్యాస్‌ని నార్త్ కరోలినా దాకా తీసుకెళ్ళడానికి 600 మైళ్ళకి పైగా, 42 అంగుళాల గొట్టం. జార్జ్ వాషింగ్టన్ నేషనల్ ఫారెస్టులో 16 మైళ్ళు. ఈ కొండని అడ్డంగా తొలిచి, ట్రైల్‌కి 600 అడుగుల కింద నుంచి పోనిస్తారట. నడిచేవాడికి కనబడదు, వినబడదు. 2018 మొదట్లో ఫారెస్ట్ సర్వీసు సరేనంది. ఆ ఏడాది డిసెంబర్లో రిచ్‌మండ్‌లోని అప్పీల్ కోర్టు కుదరదంది. కుదరకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి మా నాన్న అడిగిన ప్రశ్నే.

1920 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూముల్లోంచి పైపు వెయ్యడానికి ఆ భూమి చూసే శాఖ అనుమతివ్వచ్చు, నేషనల్ పార్క్ భూములకి తప్ప. 1968లో ట్రైల్స్ చట్టం వచ్చి ఈ బాటని ఇంటీరియర్ శాఖకి అప్పజెప్పింది, ఆ శాఖ పార్క్ సర్వీసుకి ఇచ్చింది. మరి బాట పార్కువాళ్ళదైతే, బాట కింద నేల కూడా పార్కు భూమేనా? అయితే ఫారెస్ట్ సర్వీసు సంతకం చెల్లదు. పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్, కొత్త చట్టం చేస్తే తప్ప ఎవరూ పైపు వెయ్యలేరు.

ఇదంతా నేను తెలుగులో చెప్తుంటే పెద్దాయన రంగు పని ఆపి, మా మొహాలే చూస్తున్నాడు. నాన్న ఆలోచించడానికి పెద్దగా టైం తీసుకోలేదు.

"ఇందులో ఏవుందిరా? మన చేలోంచి కాలవ గట్టుదాకా వెనకాలవాళ్ళకి బాట ఇచ్చాం. బాట ఇచ్చాం గానీ భూమి ఇవ్వలేదుగా. ఆ బాట కింద నేను తూము వేసుకోవాలంటే వాళ్ళనడగాలా?"

నాకు మాట రాలేదు. 2020 జూన్ 15న సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ థామస్ రాసిన తీర్పులో ఉన్న ఉదాహరణ దాదాపు ఇదే. ఆయన ఒక పశువుల ఆసామి గురించి చెప్పాడు. పక్కవాడికి గుర్రం బాట ఇచ్చినంత మాత్రాన ఆసామి భూమి రాసిచ్చినట్టు కాదు, బాట కింద నుంచి తన ఇంటికి నీళ్ళ పైపు వేసుకోవచ్చు. బాట బాటే, భూమి భూమే అని ఒక్క ముక్కలో తేల్చాడు. ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. ఆ ఇద్దరు సోటోమయర్, కేగన్. బాటంటే నేల కాదా అన్నది వాళ్ళ మాట. కాలు పెట్టేది నేల మీదేగా!

పెద్దాయనకి తూము కథ ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల పంకించాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు. ఆయన పైపు వద్దన్నవాళ్ళ వైపువాడు. 1969లో కమిల్ తుఫాను వచ్చిన రాత్రి ఈ నెల్సన్ కౌంటీలో కొండచరియలు విరిగిపడి వంద మందికి పైగా పోయారు. ఆ రాత్రి చూసినవాళ్ళు ఈ వాలుల్లో గొట్టం పాతుతామంటే మీ కాగితాలు ఎవరి పేరున ఉన్నాయని అడగరు, కొండ నిలుస్తుందా అని అడుగుతారు అన్నాడు.

ఆ మాట నాన్నకి చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. 2014 జూన్ 27 ఆయనకి గుర్తొచ్చిందని నాకు తెలుసు. నగరంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయిన తెల్లవారుజాము. (నగరం అంటే సిటీ కాదు, మా వైపు ఊరి పేరు.) అక్కడికి మా ఊరు ఎంతో దూరం లేదు.

"ఒరేయ్, తూము నాది. అందులో పారే నీళ్ళు నావి" అన్నారు చివరికి. "ఇక్కడ గొట్టం ఎవరిదంట?"

గొట్టం కంపెనీలది. గ్యాసూ ప్రభుత్వానిది కాదు. ఆసామి తన ఇంటికి నీళ్ళు తెచ్చుకోవడానికీ, ఆసామిని ఒప్పించి మూడోవాడు వ్యాపారం చేసుకోవడానికీ తేడా ఉంది కదా అని ఆయన గొడవ. చట్టం ఆ తేడా చూడదు. యజమాని సరే అంటే చాలు. నాకు మాత్రం తీర్పు కంటే ఈ ప్రశ్నే బాగుంది.

నిజానికి మా చేలో లెక్క తిరగబడింది. పైపులైన్ల కోసం మన దేశంలో ఉన్న 1962 చట్టం కింద కంపెనీ తీసుకునేది వాడుకునే హక్కు మాత్రమే. భూమి రైతు పేరునే ఉంటుంది, పాస్‌బుక్ మారదు, శిస్తు మనమే కడతాం. పరిహారం మార్కెట్ విలువలో పదిశాతం, పోయిన పంటకీ చెట్లకీ వేరే. ఆ మీదట ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కోనసీమలో చెట్టు పెట్టకూడని నేలని నేల అంటారా? ఇక్కడ కింద ఉన్నవాడు యజమాని, పైన నడిచేవాడిది హక్కు. అక్కడ పైన ఉన్నవాడు యజమాని, కింద పారేవాడిది హక్కు. రెండుచోట్లా గొట్టంవాడికే పని జరిగేలా ఉంది.

ఇక్కడ జరగలేదనుకోండి. సుప్రీంకోర్టులో గెలిచిన ఇరవై రోజులకే, జూలై 5న, కంపెనీలు ఆ ప్రాజెక్టునే మానేశాయి. మిగతా కేసులు, మిగతా పర్మిట్లు, ఏళ్ళు గడిచి ఖర్చు 800 కోట్ల డాలర్లకి చేరడం. ఓడినవాళ్ళకి కొండ మిగిలింది, గెలిచినవాళ్ళకి తీర్పు మిగిలింది. వర్జీనియా నైరుతిలో మౌంటెన్ వ్యాలీ పైపులైన్‌కి ఇంకో దారి దొరికింది. 2023లో అప్పు పరిమితి బిల్లులోనే దాని అనుమతులు పెట్టేసి, కోర్టులు వేలు పెట్టకుండా కాంగ్రెస్సే రాసేసింది. 2024 జూన్ నుంచి అందులో గ్యాస్ పారుతోంది, ఇదే ట్రైల్ కింద నుంచి.

కిందకి దిగి 151 మీద ఒక సైడర్ షాపులో తిన్నాం. రెండు శాండ్‌విచ్‌లు, ఒక ప్లేటు చిప్స్, టిప్పుతో కలిపి 52 డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చడం ఎప్పుడో మానేశారు, కొబ్బరికాయల్లోకి మారుస్తారు. కాయ పదిహేను వేసుకున్నా మూడు వందల కాయలు తినేశామన్నారు. శాండ్‌విచ్‌లో రొట్టె చల్లగా ఉంది.

29 మీద కాస్త పోయి, 56లోకి తిరిగి, విన్‌గినా దగ్గర జేమ్స్ నది దాటాక బకింగ్‌హామ్ కౌంటీ. అట్లాంటిక్ కోస్ట్ వాళ్ళు గ్యాస్‌ని ఒత్తిడితో ముందుకి తోసే కంప్రెసర్ స్టేషన్ పెడదామనుకున్నది ఇక్కడి యూనియన్ హిల్‌లో. బానిసత్వం పోయాక విడుదలైన నల్లవాళ్ళు కట్టుకున్న ఊరు. ఆ పర్మిట్‌ని 2020 జనవరిలో కోర్టు కొట్టేసింది. వద్దని పోరాడినవాళ్ళలో యోగావిల్ ఆశ్రమంవాళ్ళూ ఉన్నారు. ధ్యానం చేసుకునేవాళ్ళు గ్యాస్ మీటింగులకి వెళ్ళడం ఏంటని నాన్న ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. "ఊళ్ళో ఉన్నాక తప్పుతుందా" అన్నారు.

ఇక్కడే ఈ స్టేషన్ ఎందుకంటే, ట్రాన్స్‌కో అనే పాత గ్యాస్ లైను ఈ ఊరిమీదుగానే పోతుంది కాబట్టి. రోడ్డుకి అటూ ఇటూ దట్టమైన అడవి. ఉన్నట్టుండి అడవి మధ్యలో పాపిడి తీసినట్టు, కనుచూపు మేర గడ్డి పట్టీ. ఒక్క చెట్టు లేదు. గొట్టం గుర్తుకి పాతిన పసుపు రంగు కర్రలు.

"ఆపు" అన్నారు నాన్న.

టైం నాలుగు దాటింది, ఆశ్రమంలో లోటస్ గుడి మూసేస్తారేమో అన్నాను. ఆయన అప్పటికే దిగిపోయారు. రోడ్డు పక్కన నిలబడి, ఈ చివరి చెట్టు నుంచి ఆ చివరి చెట్టుదాకా చూపుతో కొలిచారు. పాతికడుగులకి ఒకటి చొప్పున వేళ్ళు మడుస్తున్నారు.

"ఎనిమిది వరసలు పడతాయిరా" అన్నారు. పొడుగు ఎంతదాకా ఉందో చూడమని నన్ను రోడ్డు అవతలికి పంపించారు.