ప్రయోగశాల తాళంచెవి చేతికి రావడానికి పట్టిన పన్నెండు రోజులు

విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ప్రయోగశాల సహాయకుడిగా చేరిన రోజున నాకు ఒక గుర్తింపు కార్డు, ఒక ల్యాబ్ కోటు, నాలుగు పేజీల శిక్షణ పత్రం ఇచ్చారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఆ పత్రంలోని గడులన్నిటిలోనూ సంతకాలు పడిన తరువాతే అది చేతికి వస్తుందని కార్యాలయంలో చెప్పారు. అంతకుముందు ఆరేళ్లపాటు ఒక మందుల కర్మాగారంలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేసినవాణ్ని కనుక ఇదంతా రెండు రోజుల లాంఛనమేనని అనుకున్నాను. పన్నెండు రోజులు పట్టింది.

మొదటి మెట్టు కంప్యూటరు ముందు కూర్చోవడం. సాధారణ భద్రత, అగ్నిప్రమాదాలు, రసాయనాలు, వ్యర్థాలు అని నాలుగు పాఠాలు, ఒక్కొక్క పాఠం చివర ప్రశ్నలు, నూటికి 80 మార్కులు వస్తే గాని తరువాతి పాఠం తెరుచుకోదు. మొదటి మూడింటినీ సగం చదివీ చదవకుండానే దాటేశాను. నాలుగోదాంట్లో తప్పాను. నైట్రిక్ ఆమ్లం ఉన్న వ్యర్థాల డబ్బాలో అసిటోన్, ఆల్కహాల్ వంటి సేంద్రియ ద్రావకాలను కలపరాదని, కలిపితే పుట్టే వాయువు మూత బిగించిన డబ్బాను పేల్చివేయగలదని తెలియక కాదు; ఏ డబ్బాలో ఏది పోయాలో ఆలోచించే అవసరం నాకు ఎన్నడూ రాలేదు. కర్మాగారంలో ఆ పని వేరే వాళ్లు చూసుకునేవారు. రెండోసారి రాసి గట్టెక్కాను గాని, ఆ పాఠం నాకు అప్పటికీ ఒంటబట్టలేదని తొమ్మిదో రోజున తెలిసింది.

అసలు శిక్షణ భద్రతాధికారి గదిలో మొదలైంది. ఆవిడ ఒక రసాయనపు ప్రమాదాలు, జాగ్రత్తలు తెలిపే సేఫ్టీ డేటా షీటు నా చేతిలో పెట్టి, "ఇది మీ పక్కవారి కంట్లో పడింది. ఏం చేయాలో ఇందులో ఎక్కడుంది? చూపించండి" అన్నారు. నేను మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ గడియారం చూసి, "మేడమ్, కన్ను పోయిందండీ అని ఇప్పుడు నాకు చెప్పాల్సి వచ్చేది మీరు" అన్నారు. ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించిన రసాయనాల వర్గీకరణ విధానాన్ని అనుసరించే షీట్లన్నిటిలోనూ 16 విభాగాలు ఒకే వరుసలో ఉంటాయి. ప్రథమ చికిత్స నాలుగోది, మంటలు ఆర్పడం అయిదోది, ఒలికితే ఏం చేయాలో ఆరోది, నిల్వ ఏడోది, ఒంటికి రక్షణ ఎనిమిదోది. ఈ అయిదింటి స్థానాలు నోటికి వచ్చేదాకా నన్ను కదలనివ్వలేదు. ఆ విధానంలోని ఎర్ర అంచు గల తొమ్మిది ప్రమాద గుర్తుల్లో మంట బొమ్మనూ, వలయం మీద మంట ఉన్న బొమ్మనూ నేను ఒకటిగానే చూసేవాణ్ని. మొదటిది సులువుగా అంటుకుని తానే మండేది; రెండోది ఆక్సిజన్ అందించి పక్కదాన్ని మండించేది. రెంటినీ ఒకే అరలో పెట్టడం ఎంత ప్రమాదమో అప్పుడు గాని నా తలకెక్కలేదు.

చేతి తొడుగుల విషయంలో నా ఆరేళ్ల అనుభవం పనికిరాకపోగా ఎదురు తిరిగింది. నేను అసిటోన్‌తో పనిచేసినప్పుడల్లా పలుచని నైట్రైల్ రబ్బరు తొడుగులే వేసుకునేవాణ్ని. అసిటోన్ వాటిగుండా చాలా త్వరగా దిగిపోతుందని, దానికి బ్యూటైల్ రబ్బరు తగినదని ఆవిడ పట్టిక తీసి చూపించారు. అప్పుడే అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కేరెన్ వెటర్‌హాన్ సంగతి చెప్పారు. విషలోహాల మీద పరిశోధన చేసిన ఆమె చేతి తొడుగు మీద 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యూరీ అనే విషపూరిత పాదరస ద్రవపు చుక్కలు కొన్ని పడ్డాయి. ఆమె నిర్లక్ష్యంగా ఏమీ లేరు. ఆనాటికి సూచించిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు, ఆవిరులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపలే పనిచేశారు. తొడుగు మాత్రం లేటెక్స్‌ది. నెలల తరువాత గాని లక్షణాలు బయటపడలేదు. 1997 జూన్‌లో ఆమె మరణించారు. ఆ ద్రవం అటువంటి తొడుగులోంచి సెకన్లలో దిగిపోతుందని ఆ తరువాతి పరీక్షలు తేల్చాయి. ఆ మాట విన్నప్పుడు తొడుగు ఉంది కదా అని ఇన్నేళ్లూ పెట్టుకున్న ధీమా మీద నాకే సిగ్గేసింది.

నాలుగో రోజున ప్రయోగశాలలోకి తీసుకువెళ్లారు. కళ్లు కడుక్కునే ఐ వాష్ ఎక్కడుందని అడిగితే గోడవైపు వేలు చూపించాను. "వేలు కాదు, మీరే వెళ్లండి. కళ్లు మూసుకుని వెళ్లండి" అన్నారు. ప్రమాద స్థలం నుంచి 10 సెకన్లలో అక్కడికి చేరుకోగలగాలన్నది పాటించే ప్రమాణం. నేను బల్ల అంచు పట్టుకుని బయలుదేరి, ఎవరో వదిలేసిన స్టూలుకు మోకాలు కొట్టుకుని, ఒక అట్టపెట్టె మీద తూలి, చేరుకునేసరికి 22 సెకన్లయింది. ఆ పెట్టె ఐ వాష్‌కు సరిగ్గా ఎదురుగా ఉంది. కళ్లున్నప్పుడు రోజూ దాన్ని దాటుకుపోయే వాళ్లెవరికీ అది అడ్డంగా అనిపించలేదు.

అక్కడితో వదల్లేదు. వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని నీటిధారలో ముఖం ఉంచమన్నారు, గడియారం చూడకుండా ఎంతసేపయిందో అంచనా వేసి చెప్పమన్నారు. నేను ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకుని, అయిదు నిమిషాలని చెప్పాను. ఒక నిమిషం నలభై సెకన్లు మాత్రమే అయిందట. కడగవలసింది కనీసం 15 నిమిషాలు. బాధలో ఉన్న మనిషి తనంతట తానుగా అంతసేపు నిలబడలేడని, పక్కనుండేవారు గడియారం పట్టుకుని అతన్ని అక్కడే నిలబెట్టాలని నాకు ఆ నీళ్లలోనే అర్థమైంది.

సేఫ్టీ షవర్ దగ్గర ఆవిడ స్వరం మారింది. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2008 డిసెంబరు 29న, ఉద్యోగంలో చేరి కొద్ది నెలలే అయిన 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు, గాలి తగిలితే అంటుకునే బ్యూటైల్ లిథియం రకపు రసాయనాన్ని సిరంజితో తీస్తుండగా పిస్టన్ ఊడి వచ్చి మంటలు రేగాయి. ఆమె ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. వేసుకున్న సింథటిక్ స్వెటరు అంటుకుంది. 18 రోజుల తరువాత ఆమె మరణించింది. ఇది చెప్పి, నా కోటు మెడ దగ్గరి లేబుల్ తిప్పి చూశారు. అందులో సగానికి పైగా పాలిస్టర్. మంటలకు అవకాశమున్న ఆ ప్రయోగశాలకు అది పనికిరాదని, మంటను తట్టుకునే గుడ్డతో కుట్టినది తెప్పించేవరకు లోపల పని చేయవద్దని పత్రం మీద రాశారు. మరో రెండు రోజులు అక్కడే పోయాయి. విసుగొచ్చినా ఎదురు చెప్పలేకపోయాను.

మిగిలినవి త్వరగా సాగాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో మంట ఆర్పడం అభ్యాసం చేయించారు: పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి, గొట్టపు కొమ్మును చేత్తో పట్టుకుంటే చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉంది. సిలిండర్ అంత త్వరగా ఖాళీ అవుతుందని మాత్రం నేను ఊహించలేదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువై గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. అందుకే దాని పాత్రను లిఫ్టులో ఒంటరిగా పంపాలని, మనిషి మెట్ల మీదుగా వెళ్లాలని చెప్పారు.

తొమ్మిదో రోజున, సీనియర్ సహాయకుడి పర్యవేక్షణలో పనిచేస్తూ, గాజుసామాను కడిగిన ఇథనాల్ అనే ఆల్కహాల్‌ను వ్యర్థాల డబ్బాలోకి వంచబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. అది నైట్రిక్ ఆమ్లపు డబ్బా. నేను తప్పిన ప్రశ్నే సరిగ్గా. ఏమీ జరగలేదు కదా అని ఊరుకుందామనుకున్నాను. కొత్త ఉద్యోగం, మొదటి నెల కూడా నిండలేదు. ఆయన మాత్రం ఫారం తెచ్చి నా ముందు పెట్టారు. తప్పు ఎవరిదన్న గడి అందులో లేదు. ఏం జరగబోయింది, ఎందుకు, ఏం మారిస్తే మళ్లీ జరగదు అని మాత్రమే ఉంది. రాస్తుంటే కారణం నాకే తెలిసింది: రెండు డబ్బాలూ ఒకే రంగువి, పక్కపక్కనే ఉన్నాయి, లేబుళ్లు గోడవైపు తిరిగి ఉన్నాయి. మర్నాటికి ఆమ్లపు డబ్బా వేరే అరలోకి మారింది.

ఒక విషయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నాతో పాటు అదే రోజున చేరిన ఇద్దరు శుభ్రతా సిబ్బందికి గంటసేపు వీడియో చూపించి పంపేశారు. వాళ్లు చదవగలిగిన భాషలో కాగితమేదీ ఇవ్వలేదు. చెత్తబుట్టలో ఎవరైనా సూది పడేస్తే ముందు గుచ్చుకునేది వాళ్లకే. అధికారిని అడిగాను. తానూ అదే అడుగుతున్నానని, వాళ్లు కాంట్రాక్టరు కింద పనిచేస్తారు కనుక పత్రం తన బల్ల దాకా రాదని చెప్పారు. ఆ జవాబులో నిజాయితీ ఉంది. వాళ్లకు దానివల్ల ఒరిగింది మాత్రం లేదు.

పన్నెండో రోజున చివరి సంతకం కోసం వెళితే ఆవిడ పెన్ను తీయలేదు. ప్రయోగశాలకు తీసుకువెళ్లి మళ్లీ కళ్లు మూసుకోమన్నారు. స్టూలు బల్ల కిందికి చేరింది, అట్టపెట్టె లేదు, అయినా 14 సెకన్లు పట్టింది. ఇంకోసారి చేయించారు. తొమ్మిది. అప్పుడు సంతకం చేసి, సంవత్సరం తిరగ్గానే మళ్లీ రావలసిన తేదీని పత్రం అంచున పెన్సిలుతో రాసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.