హైస్కూల్ పిల్లలకి డ్రాయింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి

హైస్కూల్ పిల్లలకి మొదటి డ్రాయింగ్ క్లాసులో చెప్పకూడని మాట ఒకటుంది: "మీకిష్టమైంది ఏదైనా గీయండి." వినడానికి స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది గానీ 13, 14 ఏళ్ల పిల్లలకి అది పరీక్షే. బాగా గీయడం వచ్చిన ఇద్దరు ముగ్గురు వెంటనే మొదలుపెట్టేస్తారు, మిగతావాళ్లు వాళ్ల కాగితాల వైపు ఓసారి చూసి తమ కాగితాన్ని మోచేత్తో కప్పేసుకుంటారు. ఇంకొందరు చిన్నప్పట్నుంచీ చేతికి అలవాటైన రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ముందొక ఇల్లు గీసేసి అయిపోయిందంటారు. బెల్లు కొట్టే లోపే క్లాసు రెండుగా చీలిపోతుంది, బొమ్మలు వచ్చినవాళ్లూ రానివాళ్లూ అని. ఆ విభజన ఒకసారి పిల్లల మనసులో పడిందంటే తీయడం చాలా కష్టం.

నాలుగేళ్ల పిల్లాడు నాకు బొమ్మలు రావు అని అనడు కదా. ఏం గీసినా అది ఏనుగే, అమ్మే, విమానమే. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్యావేత్త 1947లోనే ఆ ధీమా వయసుతో పాటు ఎలా పోతుందో వివరంగా రాశాడు. దాదాపు 9 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లలకి తాము గీసింది నిజంగా ఆ వస్తువులాగే ఉందా లేదా అన్న పట్టింపు మొదలవుతుంది. చూపు ఎదుగుతుంది, తప్పు ఎక్కడుందో కంటికి తెలిసిపోతుంది, చేతికి మాత్రం ఇంకా ఆ సాధన ఉండదు. ఆ తేడా భరించలేక చాలామంది అక్కడే పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. హైస్కూల్లో మన ముందు కూర్చునేది ఆ మానేసిన పిల్లలే. అందుకే మొదటి కొన్ని వారాలు గోడకి అంటించదగ్గ బొమ్మ ఒక్కటి కూడా రాకపోయినా ఫర్వాలేదని నా గట్టి అభిప్రాయం. ఆ వారాలు చూడటం నేర్పడానికే పెట్టుకోవాలి, అదీ బాగుందా బాగోలేదా అని పోల్చుకునే వీల్లేని పనులతో.

అలాంటి పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కాగితం చూడకుండా గీయడం, బ్లైండ్ కాంటూర్ అంటారు. కిమోన్ నికొలాయిడిస్ అనే అమెరికన్ డ్రాయింగ్ టీచర్ చెప్పిన పద్ధతి ఇది, ఆయన పోయాక 1941లో వచ్చిన ఆయన పుస్తకంతో చాలామందికి చేరింది. చేయాల్సింది చాలా సులువు. కుడిచేతివాటం వాళ్లయితే ఎడమచేతిని బల్ల మీద కాస్త వేళ్లు ముడిచి పెట్టుకోవాలి, కాగితాన్ని పక్కన టేపుతో కదలకుండా అంటించాలి, తల చేతివైపు తిప్పుకుని, పెన్సిల్ మొన నిజంగా ఆ చేతి అంచుకే ఆనుకుని ఉందనుకుంటూ కన్ను ఎంత నిదానంగా జరిగితే పెన్సిల్ అంత నిదానంగా జరపాలి. కాగితం వైపు చూడకూడదు, పెన్సిల్ ఎత్తకూడదు. ఆగలేక చూసేవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకి చిన్న అట్టముక్కకి కన్నం పెట్టి పెన్సిల్‌కి గుచ్చి ఇస్తే అది గొడుగులా అడ్డుపడి కాగితం కనపడదు.

మొదటిసారి అందరూ అర నిమిషంలో పూర్తిచేసేస్తారు. అప్పుడు ఏమీ అనకుండా, ఇదే చేతికి ఐదు నిమిషాలు తీసుకోవాలి, ముందే అయిపోతే బొటనవేలి కీలు దగ్గర ముడతలు ఎన్ని ఉన్నాయో చూసి అవి కూడా గీయాలి అని చెప్పాలి. అక్కడ్నుంచి గదిలో మాటలు తగ్గుతాయి. గోరు చుట్టూ చర్మం ఎక్కడ గోరు మీదికి వస్తుంది, ఎక్కడ కిందికి దిగుతుంది, కీలు మీది ముడతల్లో ఒకటి సగం దాకా వచ్చి ఎలా ఆగిపోతుంది, ఇవన్నీ పుట్టినప్పట్నుంచీ తమ ఒంటికే ఉన్నా అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండరు. చివర్లో కాగితం చూసుకుంటే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మణికట్టు ఎక్కడికో పోయి ఉంటుంది, అందరూ నవ్వుతారు. నవ్వనివ్వాలి. క్లాసులో బాగా గీస్తాడని పేరున్న అబ్బాయి కాగితం కూడా అలాగే ఉంటుంది, అసలు కావాల్సింది అదే. అయితే ఆ గందరగోళంలో ఎక్కడో ఒకచోట, ఒక గోరో ఒక కీలో, అచ్చు ఉన్నదున్నట్టు దిగి ఉంటుంది. టీచర్ దగ్గరికెళ్లి వేలు పెట్టి చూపించాల్సింది ఆ ఒక్క చోటే. ఇక్కడ నువ్వు నిజంగా చూశావు అని చెప్తే బొమ్మలు రావు అనే పిల్ల ఆ చిన్న ముక్క వైపు చాలాసేపు చూస్తుంది.

దీని తర్వాత తలకిందులుగా గీయించడం బాగా పనిచేస్తుంది. ఏదైనా గీతల బొమ్మని తిరగేసి ఇచ్చి, పైనుంచి కిందికి గీతని గీతలాగే చూసి గీయమనాలి. బెట్టీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ డ్రాయింగ్ టీచర్ 1979లో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది, ఆమె దానికి వాడింది పికాసో 1920లో గీసిన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ బొమ్మ. మెదడులో కుడి ఎడమ సగాల గురించి ఆమె చెప్పిన వివరణ ఇప్పుడు అంతగా నిలబడదు గానీ అభ్యాసం మాత్రం నిలబడింది. కన్ను, ముక్కు అని పేరు గుర్తుపట్టగానే మనం చూడటం మానేసి మనసులో ఉన్న కన్ను గుర్తు గీసేస్తాం, తిరగేస్తే ఆ పేరు తగలదు, ఒంపు మాత్రమే కనపడుతుంది. ఒక్క జాగ్రత్త, మొత్తం బొమ్మ ఒకేసారి ఇవ్వకండి, మడతపెట్టి కొంచెం కొంచెం తెరవమనండి. లేకపోతే ఎవరో ఒకరు తిప్పి చూసేస్తారు.

కుర్చీ గీయించడం కూడా ఇదే దారిలో వస్తుంది. కుర్చీని కాకుండా కాళ్ల మధ్యా వెనక చువ్వల మధ్యా ఉన్న ఖాళీలని గీయమనాలి. నాలుగు కాళ్లూ ఒకే పొడవని తెలుసు కాబట్టి పిల్లలు ఒకే పొడవు గీస్తారు, ఖాళీ ఎంత పొడవుండాలో ఎవరికీ ముందే తెలీదు కాబట్టి చూసి తీరాల్సిందే.

ఇక షేడింగ్, అంటే పెన్సిల్‌తో ముదురు లేతలు నింపి వెలుగునీడలు చూపించడం. ఎక్కువ రోజులు ఉంచాల్సింది ఇక్కడే, ఎందుకంటే పిల్లలు అందరూ ఒక్కలాగే ఆగిపోయే చోటు ఇది. చేతిలో ఉండేది హెచ్‌బీ పెన్సిల్, దాంతో ఎంత నొక్కినా ముదురు బూడిదరంగే గానీ నలుపు రాదు, కాగితం మాత్రం మెరుస్తుంది, చిరుగుతుంది. అంతకంటే మెత్తగా, నల్లగా గీసే 2బి ఒకటి, 6బి ఒకటి ఉంటే చాలు, పెద్ద సెట్టేమీ అక్కర్లేదు. ఒక వరసలో 9 గడులు గీసి, ఒక చివర తెల్ల కాగితం అలాగే వదిలి, రెండో చివర ఆ పెన్సిల్‌తో వచ్చేంత నలుపు నింపి, ఆ తర్వాత సరిగ్గా మధ్య గడి చేయించాలి. ఎడమ నుంచి కుడికి వరసగా పోతే ఐదో గడికే నలుపు అయిపోతుంది, మధ్యది ముందు తేల్చుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. వేలితో రుద్దనివ్వకండి. రుద్దితే అంతా ఒకే మబ్బులా అయిపోయి గడికీ గడికీ తేడా పోతుంది, పైగా వేలి జిడ్డు అంటుకున్న చోట తర్వాత పెన్సిల్ సరిగ్గా పట్టదు.

గడులు అయ్యాక వెంటనే వస్తువు మీదికి వెళ్లాలి, లేకపోతే అదో డ్రిల్‌లా మిగిలిపోతుంది. దానికి తెల్లకాగితాన్ని నలిపి బల్ల మీద పెడితే చాలు, ఖర్చు లేదు, ప్రతి పిల్లకీ వేరే ఆకారం వస్తుంది, పక్కవాడి బొమ్మ చూసి గీసే అవకాశమే లేదు. గదిలో లైట్లు తీసేసి ఒకవైపు కిటికీ వెలుగు మాత్రం ఉంచండి. కళ్లు సగం మూసి చూడమనండి, అప్పుడు చిన్న చిన్న వివరాలు చెదిరిపోయి వెలుగు ఉన్న భాగం, నీడ భాగం రెండుగా విడిపోతాయి. పిల్లలు ముందు ఔట్‌లైన్ గట్టిగా గీసుకుని లోపల లేతగా నింపుతారు, తెల్లకాగితం కదా తెల్లగానే ఉంచాలని వాళ్ల లెక్క. అప్పుడు వాళ్లని ఆ నలిపిన కాగితం దగ్గరికి పంపి ఆ అంచు దగ్గర నిజంగా నల్లగీత ఉందా అని అడగాలి. ఉండదు. ఒకవైపు ముదురు, ఒకవైపు లేత, రెండూ కలిసే చోటు, అంతే. నలిగిన కాగితం కింద నీడలో, బల్ల మీద పడిన వెలుగు తిరిగి పైకి కొట్టి సన్నగా ఒక లేత చార కనపడుతుంది. అది కనిపెట్టిన పిల్ల పక్కనున్నవాళ్లని పిలిచి మరీ చూపిస్తుంది. ఇదంతా టీచర్ బోర్డు మీద గోళం గీసి బాణాలు పెట్టి చెప్తే రాదు.

రంగుల దగ్గరికి వస్తే పెట్టె మొత్తం ఇవ్వకపోవడమే మేలు. 24 రంగుల పెట్టె చేతిలో ఉంటే ఆకుకి ఆకుపచ్చ, ఆకాశానికి నీలం, చెట్టుకి గోధుమరంగు, ఆలోచించే పనే ఉండదు. నలుపు తీసేయండి, ఆకుపచ్చ తీసేయండి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఇచ్చి, నిజమైన ఆకు ఒకటి పక్కన పెట్టి దాని రంగు కలిపి ఒక గడి నింపమనండి. పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుందని అందరికీ తెలుసు, కానీ వచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, ఆకు రంగు రాదు. చిటికెడు ఎరుపు కలిపితే తప్ప ఆ మెరుపు చావదు, ఆ సంగతి మనం చెప్పకుండా వాళ్లే పట్టుకునేదాకా ఆగాలి. వంగపండు రంగు కలపమంటే సగం మందికి మట్టిరంగు వస్తుంది, అప్పుడు మాత్రం కారణం చెప్పాలి. స్కార్లెట్ అనే ఎరుపులో పసుపు ఛాయ ఉంటుంది, ప్రష్యన్ బ్లూ అనే నీలంలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, ఆ రెండూ కలిపితే తెలియకుండానే మూడు మూలరంగులూ కలిసి బురదవుతుంది. క్రిమ్సన్ ఎరుపుతో అల్ట్రామెరీన్ నీలం కలిపితే శుభ్రంగా వస్తుంది. ఇది తెలీక తమ చేతిలోనే ఏదో లోపముందనుకునే పిల్లలు ఎంతమందో.

చిత్రకారుడు, కళల టీచర్ జోసెఫ్ ఆల్బర్స్ 1963లో తన పుస్తకంలో వివరించిన ఒక ప్రయోగం కూడా తప్పకుండా చేయించండి. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి ఒకటి నల్లకాగితం మధ్యలో, ఒకటి తెల్లకాగితం మధ్యలో పెడితే రెండూ వేరే రంగుల్లా కనపడతాయి. పిల్లలు నమ్మరు, రెండు కాగితాలు తెచ్చారంటారు. రెండిటికీ వంతెనలా అదే బూడిదరంగు కాగితం సన్నగా కత్తిరించి అడ్డంగా పెడితే అప్పుడు నోరు తెరుస్తారు. రంగుని విడిగా చూడలేం, పక్కన ఏముందో దానితోనే చూస్తాం అన్నది ఇక మళ్లీ చెప్పక్కర్లేదు.

పర్‌స్పెక్టివ్‌తో, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవయ్యేలా గీసే పద్ధతితో క్లాసులు మొదలుపెట్టడం చాలా చోట్ల అలవాటు, నాకది నచ్చదు. 1435లో ఇటలీకి చెందిన ఆల్బెర్టి దాని నియమాలు రాసినప్పట్నుంచీ అది స్కేలుతో నేర్పగలిగే విద్యే, అందుకే టీచర్లకి సుఖం. కానీ చూడటం అలవాటవకముందే స్కేలు చేతికిస్తే గీతలన్నీ ఒక చుక్క దగ్గరికి చేరుతాయి గానీ గది మాత్రం కనపడదు. స్కూలు వరండాలో నేలమీద కూర్చోబెట్టి, పెన్సిల్ చాచి పట్టుకుని పైకప్పు గీత ఎటు వాలిందో కొలిచాక నేర్పితే ఒక్క క్లాసు చాలు.

చివరి ప్రాజెక్టుగా కాగితం కత్తిరింపులు గానీ, లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు వేసే లినోకట్ గానీ పెట్టొచ్చు. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచ్ చిత్రకారుడు మాతిస్ రంగు పూసిన కాగితాలని కత్తెరతో కోసి ఎంత పెద్ద పెద్ద బొమ్మలు చేశాడో చూపిస్తే, గీయడం రాదనుకునే పిల్లలకి కత్తెర కూడా ఒక పెన్సిలే అని తెలుస్తుంది. లినోకట్‌కైతే బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ బొమ్మని మించింది నాకు తెలీదు. కర్ర, అడుగు, ఒంపు, నలుపూ తెలుపూ తప్ప మధ్యలో ఏ ఛాయా లేదు, అయినా మనిషి నడుస్తున్నాడు. ఏది ఉంచాలి, ఏది కోసేయాలి అని ప్రతి చోటా తేల్చుకోవాల్సిందే కాబట్టి అప్పటిదాకా నేర్చుకున్న ముదురు లేతలన్నీ ఇక్కడ అక్కరకొస్తాయి. అక్షరాలు తిరగబడతాయని ముందే చెప్పండి. బ్లేడు ఎప్పుడూ శరీరానికి దూరంగా వెళ్లాలి, పట్టుకున్న చెయ్యి బ్లేడుకి వెనకే ఉండాలి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఏమాత్రం మెతకగా ఉండకూడదు.

పిల్లల కాగితం మీద టీచర్ చెయ్యి పెట్టకూడదు. ముక్కు కాస్త సరిచేస్తే బొమ్మ అందంగా వస్తుంది, నిజమే, కానీ ఆ క్షణం నుంచీ అది ఆ పిల్ల బొమ్మ కాదు, ఆ సంగతి ఆ పిల్లకి అందరికంటే బాగా తెలుస్తుంది. చూపించాల్సి వస్తే పక్కన వేరే కాగితం మీద గీసి చూపించి, ఆ కాగితం మనమే తీసుకుపోవాలి. ఫోన్‌లో ఫొటో చూసి గీస్తామని అడుగుతారు, మొదట్లో నేనైతే ఒప్పుకోను. ఫొటోలో వస్తువు అప్పటికే చదునై ఉంటుంది, ఎక్కడ కూర్చుని చూడాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ కెమెరా తీసేసుకుని ఉంటుంది. మార్కులు వేయక తప్పదు కాబట్టి స్కెచ్‌బుక్ మొత్తానికి వేయండి, మొదటి పేజీలో బ్లైండ్ కాంటూర్ చెయ్యి తేదీతో సహా ఉండాలి, చింపనివ్వకూడదు. బొమ్మల గురించి మాట్లాడించేటప్పుడు బాగుందా అని అడగకండి. ఎక్కడ చూసి గీశావు, ఎక్కడ ఊహించి గీశావు అని అడగండి, ఎంత నిజాయితీగా చెప్తారో.

ఇంతా చేస్తే మొదట్నుంచీ బాగా గీసే ఆ ఇద్దరు ముగ్గురిని మర్చిపోయే ప్రమాదముంది. వాళ్లకి పొగడ్తలు అలవాటు, అందుకే తమకి వచ్చిన ఒకటి రెండు ముఖాలే మళ్లీ మళ్లీ గీస్తూ అక్కడే ఉండిపోతారు. వాళ్లకి పెన్సిల్ తీసేసి బాల్‌పెన్ను ఇవ్వండి, చెరపడానికి ఉండదు. అలవాటు లేని చేత్తో గీయమనండి. ఎ4 కాగితం నుంచి ఒకేసారి పెద్ద చార్టుకి మార్చి, మణికట్టుతో కాకుండా భుజం నుంచి గీయమనండి. కొన్నాళ్లు చిరాకు పడతారు, వాళ్ల పెద్దవాళ్లు వచ్చి బొమ్మలు ఇదివరకట్లా నీట్‌గా ఉండటం లేదేమిటని అడుగుతారు కూడా. పాత బొమ్మలో ఒక కన్ను, కొత్త బొమ్మలో ఒక కన్ను పక్కపక్కన పెట్టి వాళ్లకే చూపించండి, కొత్తదాంట్లో పై రెప్ప నీడ గుడ్డు మీద పడటం కనపడుతుంది.