కోరంగి: మా అమ్మమ్మకు పేరిచ్చిన రేవు

మా అమ్మమ్మ రంగంలో పుట్టింది. రంగం అంటే రంగూన్. గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్ళంతా ఆ ఊరిని అలాగే పిలిచేవారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చింది. ఆ నడక గురించి ఎక్కువ చెప్పేది కాదు. ఒక్క మాట మాత్రం తరచూ అనేది: "అక్కడ మమ్మల్ని కోరంగీలు అనేవారే."

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. అమ్మమ్మ ఎప్పుడూ కోరంగి చూడలేదు. చూడని ఊరి పేరు ఆమెకెలా అంటుకుందో తెలుసుకోవాలని, పోయిన జనవరిలో అమ్మను తీసుకుని బయలుదేరాను.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డులో కోరంగి వస్తుంది. బస్సులోంచి చూస్తే మామూలు పల్లెటూరే. కొబ్బరిచెట్లు, రొయ్యల చెరువులు, ఒక టీ కొట్టు. ఇది ఒకప్పుడు ఈ తీరంలో పేరుమోసిన రేవు. దెబ్బతిన్న పెద్ద ఓడలను మరమ్మతుకి ఇక్కడికి తెచ్చేవారు, కొత్తవి కట్టేవారు కూడా. బర్మా వెళ్ళే కూలీలు, సరుకులు ఈ తీరం నుంచే ఓడెక్కడంతో, అవతలి ఒడ్డున తెలుగువాళ్ళందరికీ ఈ ఊరి పేరే పెట్టేశారు. మనిషిది ఏ ఊరైనా వాళ్ళ లెక్కలో కోరంగే. రంగూన్ రేవులో ఓడల సరుకు దించి ఎక్కించినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, అది చివరికి పెద్ద అల్లర్లకు దారితీసింది, ఎంతోమంది తెలుగు కూలీలు చనిపోయారు. అమ్మమ్మ "కోరంగీలు" అనేటప్పుడు గొంతు ఎందుకు మారేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రేవు కోసం వెతికాను. ఏమీ మిగల్లేదు. 1789 డిసెంబరు తుపానులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ కెరటాల గురించి రాశాడు. 1839 నవంబరులో మళ్ళీ పెద్ద తుపాను. అయితే రేవును తుపాన్లు మాత్రమే చంపలేదు. గోదావరి తెచ్చిన ఒండ్రు కొద్దికొద్దిగా, నీళ్ళు సముద్రంలో కలిసే మొగను పూడ్చేసింది, ఓడలు లోపలికి రాలేకపోయాయి, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

తాళ్ళరేవు వైపు ఒకచోట చేపల పడవ కడుతుంటే ఆగాం. పెద్దాయన ఒకరు పలకల సందుల్లో నూలు కుక్కి సుత్తితో కొడుతున్నారు. "కాగితం మీద గీసుకుంటారా బాబాయ్?" అని అడిగాను. "కాగితం ఎందుకండీ, కంటికి తెలిసిపోద్ది" అన్నారు పని ఆపకుండానే. ఓడల కాలం పోయినా ఆ కన్ను ఈ ఊళ్ళలో ఇంకా ఉంది. దీన్ని రాసిపెట్టేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు త్వరగా రాకపోతే ఎలా అని నాకు నిజంగా బెంగగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మడ అడవిలోకి పడవెక్కాం. "ఇప్పుడు పోటు మీదుందండి. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయేలోగా వచ్చెయ్యాలి, లేకపోతే బురదలో కూర్చుంటాం" అన్నాడు పడవబ్బాయి. రెండు పక్కలా మడచెట్లు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మేకుల్లాంటి వేర్లతో ఊపిరి పీల్చుకుంటాయి. కొన్ని జాతుల్లో గింజ చెట్టుమీదే మొలకెత్తి, కిందపడి బురదలో గుచ్చుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, ముట్టుకోవద్దన్నాడు. బావురుపిల్లులు ఉన్నాయట, మాకు కనిపించలేదు. ఒక నీటికుక్క మాత్రం తల పైకెత్తి చూసి మునిగిపోయింది.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. దీన్ని నిలబెట్టిందీ గోదావరి ఒండ్రే. రేవును పూడ్చిన మట్టే ఇప్పుడు ఊళ్ళకీ సముద్రానికీ మధ్య అడ్డుగా నిలబడింది. 1996 నవంబరు తుపాను రాత్రి గురించి చెబుతూ, "ఈ అడివే లేకపోతే మేం ఎక్కడుండేవాళ్ళమండీ" అన్నాడు ఆ అబ్బాయి. అప్పటికి తను పుట్టలేదు. వాళ్ళ నాన్న దగ్గర విన్న మాట అది.

అడవి దాటగానే నీళ్ళు వెడల్పయ్యాయి. దూరంగా హోప్ ఐలాండ్ ఇసుక తెల్లటి గీతలా కనిపించింది. గోదావరి ఒండ్రుతోనే పేరుకున్న దీవి అది. కాకినాడ రేవుకు అలలు నేరుగా తగలకుండా అడ్డంగా ఉంటుంది. దాని అవతల తూర్పున, నేరుగా వెళితే బర్మా.

చొల్లంగి అమావాస్యకు జనం సంగమ స్నానానికి వచ్చేది ఈ నీళ్ళకే. పడవ కాసేపు ఆపమంది అమ్మ. అంచుకు వంగి దోసిలితో నీళ్ళు తీసుకుని, అమ్మమ్మ పేరు చెప్పి వదిలింది. రెండోసారి తీసుకుని, నేనెప్పుడూ వినని ఇంకో పేరు చెప్పింది. "ఎవరమ్మా?" అన్నాను.

"మీ అమ్మమ్మ తమ్ముడు. నడిచి వస్తుంటే దారిలో పోయాడు. నాలుగేళ్ళు."

పడవబ్బాయి ఇంజను వెయ్యలేదు. గెడతో మెల్లగా పడవ తిప్పాడు. పాటు మొదలైంది. మేం వచ్చిన దారిలో వేర్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.