పేపర్ల కట్టకు చుట్టిన సీపీయూ కేబుల్

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే నా పాత కంప్యూటర్ మూలుగుతుంటే, మొన్న ఎండాకాలంలో లోపలి సామాను మార్చినా. జెడ్ 690 మదర్‌బోర్డు, ఇంటెల్ కోర్ ఐ7 12700కె ప్రాసెసర్ బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి తెచ్చుకున్నా. పవర్ సప్లై పాతదే, 750 వాట్ల మాడ్యులర్. దాని కేబుళ్లు రెండు కొసలా ఊడొస్తాయి. నా కష్టమంతా అక్కడే మొదలైంది.

బోర్డు బిగించినాక చూస్తే ప్రాసెసర్ కరెంటుకు పై మూలన రెండు సాకెట్లు: ఎనిమిది పిన్నులది ఒకటి, పక్కనే నాలుగు పిన్నులది ఇంకొకటి. నా దగ్గరున్న సీపీయూ కేబుల్, అంటే ప్రాసెసర్‌కు కరెంటిచ్చేది, ఒక్కటే. అది ఎనిమిది పిన్నుల దాంట్లోకి పోయింది. నాలుగు పిన్నులది ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

గ్రాఫిక్స్ కార్డు కేబుల్ ఒకటి మిగిలుంటే, దాన్ని చేతిలోకి తీసుకున్న మాట నిజం. మంచిదే, ముందు కళ్లతో చూసినా. సీపీయూ కేబుల్ నాలుగూ నాలుగుగా చీలుతుంది, ఇది ఆరూ రెండుగా. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ కొన్నింటికి నలుచదరం, కొన్నింటికి మూలలు చెక్కినట్టు. ఆ వరుస కలవదు. బలవంతంగా దిగ్గొడితే ఇంకా ఘోరం. సీపీయూ కేబుల్‌కు సాకెట్‌ను పట్టుకునే క్లిప్పు వైపు 12 వోల్టులు, అవతల వైపు గ్రౌండు, అంటే కరెంటు తిరిగిపోయే దారి. గ్రాఫిక్స్ దానికి అంతా తలకిందులు.

టవర్ క్లాక్ దగ్గర ఒక అంగడికి పోతే, ఆయన డబ్బాలో నుంచి వేరే కంపెనీ సీపీయూ కేబుల్ తీసిచ్చినాడు.

"ఇది నా పవర్ సప్లైకి సరిపోతుందా అన్నా?"

"అన్నీ ఒకటే కదప్పా, తీస్కపో."

ఇంటికొచ్చి పవర్ సప్లైకి పెడితే టక్కున కూర్చుంది. అయినా మనసులో ఏదో పీకుతా ఉంది. బోర్డుకు పెట్టకుండా, పవర్ సప్లైని బయటికి తీసి, బోర్డు లేకున్నా అది ఆన్ అయ్యేటట్టు, పెద్ద 24 పిన్నుల కొసలో 16వ పిన్నునూ 17వ పిన్నునూ పేపర్ క్లిప్పుతో కలిపినా. ఫ్యాన్ తిరిగింది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల కొస పవర్ సప్లై డబ్బాకు ఆనించి, ఎర్ర కొస ఒక్కో పిన్నులో పెట్టినా. క్లిప్పు వైపు నాలుగూ 12 చూపించాల. రెండే చూపించినాయి. మిగతా రెండు 12లు గ్రౌండు ఉండాల్సిన వైపు! బోర్డు వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే గానీ, పవర్ సప్లై వైపు ఎవరి వరుస వాళ్లది. ఒకే కంపెనీలో కూడా మోడల్‌కూ మోడల్‌కూ మారొచ్చు. అది పెట్టి స్విచ్చి వేసుంటే, పవర్ సప్లై తనంతట తాను ఆగిపోతే అదృష్టం, లేదంటే బోర్డు బూడిద.

ఆ రాత్రి కూర్చొని లెక్కేసినా. పిన్నుకు 7 ఆంపియర్లే అనుకున్నా 12 వోల్టుల పిన్నులు నాలుగింటికి 28, 12 వోల్టులతో గుణిస్తే 336 వాట్లు. నా ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 190. అంటే ఎనిమిది పిన్నులది ఒక్కటే చాలు, ఆ నాలుగు ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించి ఉరికించేది, చేసేవాళ్లకు. ఖాళీగానే వదిలేసి వాడుకున్నా.

పది రోజులకు అటకమీద పాత పేపర్లు దించుతుంటే, ఒక కట్టకు నల్లటి చదును తాడు చుట్టి ముడేసి ఉంది. కొసన ఎనిమిది పిన్నులు.

"అమ్మా, ఇదేంది?"

"ఏదో తాడు పడుంటే కట్టినాలేరా. మంచి గట్టిది."

నా పవర్ సప్లై డబ్బాలో వచ్చిన రెండో సీపీయూ కేబుల్! దాన్నీ మీటర్‌తో చూసినా, క్లిప్పు వైపు నాలుగూ 12. ఒక సగం నాలుగు పిన్నుల సాకెట్లో పెట్టి, వేలాడే రెండో సగాన్ని జిప్ టైతో పక్కకు కట్టేసినా. రెండర్ వేగంలో, అంటే ఎడిట్ చేసిన వీడియో ఫైలుగా తయారయ్యే వేగంలో, ఈసమెత్తు తేడా లేదు.

అమ్మ మాత్రం పేపర్ల కట్టకు వేరే తాడు తెచ్చిచ్చేదాకా ఊరుకోలేదు.